పాఠకుల ప్రశ్నలు: నీరు తాగిన పడవ ఇంజను

ప్రశ్న: రెండేళ్ల క్రితం కాకినాడలో ఇరవై ఆరు అడుగుల ఫైబర్ తెరచాప పడవను కొని, లారీ మీద విజయవాడకు తెప్పించి, ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో నడుపుకుంటున్నాను. అందులో ఉన్నది జపాను తయారీ రెండు సిలిండర్ల డీజిల్ ఇంజను. వయసు నలభై ఏళ్లకు దగ్గర, బోరు (సిలిండరు లోపలి వ్యాసం) 75 మి.మీ. బయటి నీటినే నేరుగా లోపలికి లాక్కుని చల్లబడే రకం. పోయిన కార్తీక మాసంలో ఎంతకీ స్టార్టు కాకపోతే పదేపదే సెల్ఫ్ కొట్టాను. టక్కుమని ఆగిపోయింది, మళ్లీ కదలలేదు. ఆయిలు కడ్డీ తీసి చూస్తే ఆయిలు మజ్జిగలా తెల్లగా ఉంది. బోరు పట్టించి (సిలిండరు లోపలి గోడను కొత్తగా చెక్కించి) కొత్త పిస్టన్లు వేస్తే చాలని మెకానిక్ అంటున్నారు. అలా చేయించమంటారా, ఇంజనే మార్చమంటారా?
– ఒక పాఠకుడు, కృష్ణలంక, విజయవాడ

జవాబు: మీ ఇంజను అరిగిపోయి ఆగలేదు, నీరు తాగి ఆగింది. ఈ తేడాను పట్టించుకోకుండా బోరు పట్టిస్తే, కొత్త పిస్టన్లు కూడా మొదటి నెలలోనే అదే దారి పడతాయి. సెల్ఫ్ కొట్టిన ప్రతిసారీ నీటి పంపు కూడా తిరుగుతుంది, నదినీరు ఇంజను గుండా సైలెన్సరులోకి చేరుతుంది. ఇంజను అందుకుంటే పొగ ఒత్తిడి ఆ నీటిని బయటికి తోసేస్తుంది. అందుకోకపోతే తోసేది ఉండదు కాబట్టి సైలెన్సరు నిండి, నీరు వెనక్కి ఎక్కి, తెరుచుకున్న ఎగ్జాస్టు వాల్వు గుండా సిలిండరులో పడుతుంది. గాలి నలిగినట్టు నీరు నలగదు. మీరు విన్న ఆ ‘టక్కు’ పిస్టను నీటిని గుద్దుకున్న చప్పుడే అయి ఉంటుంది.

ఇకమీదట సెల్ఫ్ జోలికి వెళ్లకండి. ముందు డీజిలును సిలిండర్లలోకి చిమ్మే నాజిళ్లు రెండూ విప్పి, క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) పుల్లీ నట్టుకు పానా వేసి, ఇంజను మామూలుగా తిరిగే వైపుకే మెల్లగా తిప్పండి. కదలకపోతే బలవంతం చేయకుండా, నాజిలు రంధ్రాల్లోంచి డీజిలు, పలుచని ఆయిలు కలిపి పోసి వారం రోజులు నాననివ్వండి. నాజిళ్ల కింద ఉండే రాగి వాషర్లు చాలాసార్లు హెడ్డులోనే (సిలిండర్ల పైమూతలోనే) అతుక్కుని ఉండిపోతాయి. వాటిని చూడకుండా పైన కొత్తవి వేస్తే అక్కడ లీకు తప్పదు.

ఇన్ని నెలలు లోపల తేమ నిలిచింది కనుక ఇంజనును దించి పూర్తిగా విప్పించడమే మంచిది. గట్టున మూడు సరుగుడు బాదులు నిలబెట్టి చైన్ బ్లాకు తగిలిస్తే ఈ సైజు ఇంజను ఇబ్బంది లేకుండా పైకి వస్తుంది. హెడ్డు తీశాక, బోరు సంగతి మాట్లాడకముందే, ఒక కొలత తీయించండి: ఒక్కొక్క పిస్టనును పూర్తిగా పైకి తెచ్చి, అది బ్లాకు పైఅంచుకు ఎంత ఎత్తులో నిలుస్తుందో డెప్త్ గేజితో చూడాలి. రెండింటిలో ఒకటి స్పష్టంగా కిందికి ఉంటే దాన్ని క్రాంకుకు కలిపే కనెక్టింగ్ రాడ్డు వంగిందన్నమాట. కంటికి తిన్నగా కనిపించే రాడ్డు కూడా ఈ కొలతకు దొరికిపోతుంది. వంగిన రాడ్డును సరిచేయించి వాడుకోమనే సలహా మాత్రం దయచేసి వినకండి, మార్చవలసిందే.

బోరును పైన, మధ్యన, కింద, ఒక్కోచోట రెండు దిక్కుల్లో కొలిపించండి. తుప్పు మచ్చ గోటికి తగిలేంత లోతుగా ఉంటేనే బోరు పట్టించాలి. అప్పుడు కూడా ఓవర్‌సైజు పిస్టన్లను ముందు కొని, వాటిని టర్నరు చేతిలో పెట్టి, వాటి కొలతకే బోరు పట్టమనండి. బోరు ముందు పట్టించి పిస్టన్ల కోసం వెతకడం ఎన్నో ఇంజన్లను పాడుచేసింది. బోరింగు, క్రాంకు గ్రైండింగు, ఫ్యూయల్ పంపు క్యాలిబ్రేషను (కొలత సరిచూడడం) చేసే పనివాళ్లందరూ మీకు ఆటోనగర్‌లోనే దొరుకుతారు. ఫ్యూయల్ పంపును మాత్రం ఇంట్లో విప్పకండి. పడవ కాకినాడలో ఉన్నన్నాళ్లూ పట్టిన ఉప్పు ఇంజను నీటిదారుల్లో పేరుకుని ఉంటుంది, బ్లాకు విడిగా ఉన్నప్పుడే దాన్ని కడిగించండి.

తిరిగి బిగించే ముందు ఎగ్జాస్టు గొట్టాన్ని, సైలెన్సరును, నీటి గొట్టం వంపు మీద గాలి తీసుకునే వాల్వును తనిఖీ చేయండి. ఆ వాల్వు మూసుకుపోతే, ఇంజను ఆపి ఉన్నప్పుడు కూడా నది నీరు తనంతట తానే లోపలికి జారుతుంది. ఇంజను ఒకటి రెండు ప్రయత్నాల్లో అందుకోకపోతే నీటి కాకు (బయటి నీరు లోపలికి వచ్చే కుళాయి) మూసి సెల్ఫ్ కొట్టడం, అందుకున్న వెంటనే తెరవడం అలవాటు చేసుకోండి.

ఇంజనుకు ప్రొపెల్లరు షాఫ్టు కలిపే పనిని గట్టు మీద ముగించకండి. పడవ నీళ్లలో దిగాక దాని ఒడలు కొద్దిగా మారుతుంది కనుక ఒకటి రెండు రోజులు ఆగి, కప్లింగు (రెండింటినీ కలిపే బిళ్లల జత) ముఖాల మధ్య పైన, కింద, రెండు పక్కల ఫీలర్ గేజి (సందును కొలిచే పలుచని రేకులు) పెట్టి చూడాలి. 100 మి.మీ. కప్లింగుకు ఆ నాలుగు చోట్ల తేడా 0.1 మి.మీ. దాటకూడదు. కొత్త రింగులు బోరులో కుదురుకోవాలంటే లోడు కావాలి. అందుచేత ఘాటు దగ్గర కట్టేసి ఐడిలింగులో గంటలకొద్దీ నడపకుండా, వేడెక్కాక భవానీ ద్వీపం చుట్టూ ఒక మోస్తరు లోడు మీద తిప్పండి.

రాడ్డు వంగకుండా, క్రాంకు బాగుంటే నేను ఈ ఇంజనునే బాగుచేయించుకుంటాను. క్రాంకు కూడా పోయిందని తేలితే మార్చేయండి.

ప్రశ్న: మాది గుంటూరు. ఇదే రకం పాత ఇంజనును బాగుచేయించి, నిజాంపట్నం దగ్గర సముద్రంలో తిరిగే పడవకు పెట్టుకోవచ్చా?
– మరో పాఠకుడు

జవాబు: పెట్టుకోవచ్చు, కానీ చల్లబరిచే ఏర్పాటు మార్చి పెట్టండి. ఉప్పునీరు సుమారు 60 డిగ్రీలు దాటితే నీటిదారుల్లో పెచ్చు కట్టడం మొదలవుతుంది. అందుకే నేరుగా సముద్రపు నీటితో చల్లబడే ఇంజన్ల థర్మోస్టాటు (వేడిని బట్టి నీటిదారి తెరిచే వాల్వు) అంతకంటే తక్కువ వేడికే తెరుచుకుంటుంది, దాంతో ఇంజను పూర్తి వేడికి ఎప్పుడూ రాదు. హీట్ ఎక్స్‌ఛేంజరు (ఇంజను వేడిని బయటి నీటికి చేరవేసే పరికరం) పెట్టి లోపల మంచినీరు, కూలెంటు తిరిగేలా చేస్తే బ్లాకుకు ఉప్పు తగలదు. అప్పుడు థర్మోస్టాటును కూడా ఎక్కువ వేడికి తెరుచుకునేదిగా మార్చాలి. ఉప్పునీరు తగిలే చోట, ఇంజను లోహానికి బదులు తాను కరిగిపోయే జింకు కడ్డీ ఉండాలి, అది సగం కరిగిందని కనిపించగానే కొత్తది వేయండి.