డిస్క్ కొన్నంత మాత్రాన గేమ్ మనదవుతుందా?

ప్రశ్న: ఈ మధ్యే పీఎస్5 గేమ్ కన్సోల్ కొన్నాం. ఆన్‌లైన్ స్టోర్‌లో గేములు తక్కువ ధరకు వస్తున్నాయి. మా అబ్బాయి మాత్రం డిస్కులే కొనమని పట్టుబడుతున్నాడు. డిస్క్ ఉంటే పదేళ్ల తర్వాతైనా ఆడుకోవచ్చంటాడు. నిజమేనా? - ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: సగం నిజం. యుబిసాఫ్ట్ అనే గేమ్ కంపెనీ 2014లో ‘ది క్రూ’ అనే కార్ల గేమ్ తెచ్చింది. ఒంటరిగా ఆడుకున్నా సరే, అది కంపెనీ సర్వర్‌తో మాట్లాడాల్సిందే. 2024 మార్చి 31న ఆ సర్వర్లు ఆపేశారు. డిస్క్ మీద ఒక్క గీత లేకపోయినా గేమ్ మొదలు కాదు. డబ్బు పెట్టి కొన్నవారికి ఇంతకన్నా అవమానం ఏముంటుంది? అమ్మిన గేములను ఇలా ఆపేయొద్దనే ‘స్టాప్ కిల్లింగ్ గేమ్స్’ ఉద్యమం పుట్టింది ఈ కోపంలోంచే.

అందుకే డిస్కా, డౌన్‌లోడా అనేది తర్వాత. నెట్ లేకుండా నడుస్తుందా అన్నది ముందు తేల్చుకోవాలి. పరీక్ష సులువే. సెట్టింగ్స్‌లో ఇంటర్నెట్ కనెక్షన్ ఆపేయండి. కన్సోల్‌లో ఉన్న గేమ్‌ను తొలగించండి. మీరు ఆటలో ఎంతవరకు వచ్చారన్న వివరం (సేవ్) వేరుగా ఉంటుంది కాబట్టి అది పోదు. ఇప్పుడు డిస్క్ పెట్టి, మళ్లీ ఇన్‌స్టాల్ చేసి ఒక గంట ఆడి చూడండి. సాఫీగా సాగితే ఆ డిస్క్‌ను నమ్మవచ్చు. తర్వాత వచ్చిన అప్‌డేట్లు అందులో ఉండవు కనుక చిన్నచిన్న లోపాలు కనిపించవచ్చు. ‘అప్‌డేట్ కావాలి’ అంటూ అక్కడే ఆగిపోతే మీ చేతిలో ఉన్నది తాళంచెవి మాత్రమే, ఇల్లు కంపెనీ దగ్గరే ఉంది. మీది విడిగా కొని బిగించే డిస్క్ డ్రైవ్ అయితే దాన్ని మొదటిసారి నెట్ ద్వారా కన్సోల్‌తో జత చేయాలి. ఆ పని ఇప్పుడే పూర్తి చేయండి.

నింటెండో కంపెనీ కన్సోల్ స్విచ్ 2 కొనే ఆలోచన ఉంటే ఇంకో జాగ్రత్త. ‘గేమ్ కీ కార్డ్’ పేరుతో అమ్మేవాటిలో గేమ్ ఉండదు, డౌన్‌లోడ్ చేసుకునే అనుమతే ఉంటుంది. ఆ విషయం పెట్టె ముందువైపు అడుగున రాసి ఉంటుంది.

ఇక ఆన్‌లైన్ స్టోర్‌లో కొనేది లైసెన్సే, అంటే ఆడుకునే అనుమతి మాత్రమే. కాలిఫోర్నియాలో 2025 జనవరి నుంచి అమలైన చట్టం ఈ మాట కొనేవారికి స్పష్టంగా చెప్పి తీరాలంటోంది. స్టోర్ మూతపడినా కొన్నవి వెంటనే మాయం కావు. నింటెండో పాత కన్సోల్ 3డీఎస్ స్టోర్‌లో అమ్మకాలు 2023 మార్చిలో ఆగిపోయాయి, అంతకుముందు కొన్నవి మాత్రం ఆ తర్వాత కూడా డౌన్‌లోడ్ అయ్యాయి. కంప్యూటర్‌లో ఆడేవారికి జీఓజీ అనే ఆన్‌లైన్ స్టోర్ మేలు. ఇన్‌స్టాలర్ ఫైల్‌నే ఇస్తుంది, రెండు హార్డ్‌డిస్కుల్లో దాచుకోవచ్చు.

నా సలహా: కథ ఉన్న ఒంటరి ఆటలకు డిస్క్, ఆన్‌లైన్ పోటీల ఆటలకు తగ్గింపు ధరకు వచ్చే డౌన్‌లోడ్. రెండో రకాన్ని దాచుకోవాలనుకోవడమే దండగ. పైగా ఆడేసిన డిస్క్‌ను అమ్ముకోవచ్చు, స్నేహితుడికి ఇవ్వవచ్చు. ఈ లెక్కలో మీ అబ్బాయే గెలిచాడు.

ప్రశ్న: పాత పీఎస్2 డిస్కుల మీద తెల్లటి మచ్చలు వచ్చాయి. పనికొస్తాయా? - ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: సముద్రం పక్కన తేమ ఎక్కువ కాబట్టి బూజు అయి ఉండవచ్చు. మెత్తటి తడి గుడ్డతో మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడవండి. గుండ్రంగా తిప్పితే, గీత పడినప్పుడు డేటా వరుసగా దెబ్బతింటుంది, తప్పులు సరిదిద్దే ఏర్పాటు దానికి తట్టుకోలేదు. టూత్‌పేస్ట్ చిట్కాల జోలికి వెళ్లకండి. తుడిచాక లైటుకు ఎదురుగా పట్టి చూడండి. సూది మొనంత రంధ్రాల్లోంచి వెలుగు కనిపిస్తే లోపలి లోహపు పూత పాడైనట్టే, దానికి మందు లేదు. మిగిలినవాటిని పెట్టెల్లో నిలువుగా పెట్టి, బీరువాలో సిలికా జెల్ పొట్లాలు వేయండి. పొట్లాలు తేమ పీల్చుకున్నాక మార్చడం మరచిపోవద్దు.