కొండ పచ్చబడేలోగా ఊరు బతికేదెలా?

ప్రశ్న: మా కొండవాలు మీద రెండేళ్ల క్రితం వేల మొక్కలు నాటారు. ఇప్పుడు వెదికినా పదింట ఒకటి కనబడదు. మేకలు తినేశాయని నాటినవారు అంటున్నారు, మేకలను అమ్ముకుంటే ఎలా బతకాలని ఊరివారు అడుగుతున్నారు. అడవిని తిరిగి పెంచుతూనే ఊరికి జీవనాధారం చూపే మార్గమేదైనా ఉందా?
— ఒక పాఠకురాలు

జవాబు: మేకల తప్పు లేదని అనను కాని, తప్పంతా వాటి మీదికి నెట్టేస్తే అసలు సంగతి మరుగున పడుతుంది. నాటిన మొక్క కాయ కాయడానికో కలపనివ్వడానికో ఎన్నో ఏళ్లు పడుతుంది. అంతకాలం పొయ్యిలోకి కట్టెలు, పశువులకు మేత, ఇంటికి నాలుగు డబ్బులు ఎక్కడినుంచి వస్తాయో గుంతలు తవ్వకముందే తేల్చుకోకపోతే, ఊరివారు ఎంత మంచివారైనా ఆ మొక్కలు నిలవవు.

చైనా 1999లో ఏటవాలు పొలాలను మళ్లీ అడవిగా మార్చే పథకం మొదలుపెట్టినప్పుడు ఈ లెక్కే వేసింది. బాగా నిటారుగా ఉన్న వాలు మీద సాగు మానుకున్న రైతులకు ధాన్యమూ నగదూ ఇచ్చింది. నేలను కాపాడే చెట్లు పెంచినవారికి 8 ఏళ్లు, పండ్లచెట్ల వంటి ఆదాయమిచ్చేవి పెంచినవారికి 5 ఏళ్లు, గడ్డి పెంచినవారికి 2 ఏళ్లు అని గడువులు పెట్టింది. తరువాత ఆ గడువులనూ పొడిగించవలసి వచ్చింది. దక్షిణ కొరియా 1973లో తలపెట్టిన పదేళ్ల అటవీ ప్రణాళిక లక్ష్యం 1978 నాటికే పూర్తయిందంటే, అందుకు నాటిన మొక్కలు ఎంత కారణమో, ఇళ్లలో కట్టెల స్థానంలోకి వచ్చిన బొగ్గు బిళ్లలు కూడా అంతే కారణం.

ప్రభుత్వ ఖజానా అండ లేని ఊరికి ఇంకో దారి ఉంది, నాకు ఎక్కువ నమ్మకం దాని మీదే. బోడికొండ అని మనం అనుకునే చోట చాలాసార్లు పాత చెట్ల మోళ్లు నేలలో బతికే ఉంటాయి. ఆస్ట్రేలియా వ్యవసాయ నిపుణుడు టోనీ రినాడో 1980ల తొలి ఏళ్లలో పశ్చిమ ఆఫ్రికా దేశమైన నైజర్‌లో నాటిన మొక్కలు వరుసగా ఎండిపోతూ ఉండగా, దారి పక్కన పొదలనుకున్నవి నిజానికి నరికిన చెట్ల వేళ్ల నుంచి లేచిన పిలకలని గమనించారు. పద్ధతి చాలా తేలిక. ఒక్కో మోడు నుంచి పది పదిహేను పిలకలు గుబురుగా వస్తాయి. వాటిలో నిటారుగా, బలంగా ఉన్న నాలుగైదింటిని ఉంచి మిగిలినవి కోసేయాలి. ఉంచిన వాటికి కింది సగం వరకు కొమ్మలు తీసేయాలి. కొమ్మను పైనుంచి నరికితే బెరడు చీలిపోతుంది కనుక, పదునైన కత్తితో కింది నుంచి పైకి కోయాలి. కొన్ని నెలలకు మళ్లీ వెళ్లి కొత్త పిలకలు తీసేయాలి. వేళ్లు అప్పటికే లోతుకు దిగి ఉన్నందువల్ల ఈ పిలక నారుమొక్క కంటే ఎంతో వేగంగా పెరుగుతుంది. అన్నిటికంటే ముఖ్యమైన విషయం, కోసిన కొమ్మలు మొదటి ఏడాదే వంటచెరకుగా ఇల్లు చేరతాయి.

ఇథియోపియాలోని హంబో కొండల్లో 2,728 హెక్టార్ల అడవి చాలావరకు ఇలాగే తిరిగి వచ్చింది.  అక్కడివారు పశువులను కొండ మీదికి తోలడం మాని, గడ్డి కోసుకొచ్చి ఇంటి దగ్గరే మేపారు. కర్బన క్రెడిట్ల సొమ్ము, అంటే చెట్లు గాలిలోని కర్బనాన్ని పీల్చుకున్నందుకు ఇచ్చే డబ్బు, వారి సహకార సంఘాలకే చేరింది. మీ ఊరిలో కొండనంతటినీ ఒకేసారి మూసేయకండి. ఒక భాగాన్ని మూడు నాలుగేళ్లు మూసి, అందులోని గడ్డిని కోతకు మాత్రం వదిలి, ఆ తరువాత ఇంకో భాగానికి వెళ్లడం మంచిది. మేకలున్న ఇళ్లవారు, ముఖ్యంగా కట్టెలకు వెళ్లే ఆడవారు, హద్దులు గీసేటప్పుడే అక్కడ ఉండాలి.

ఇంత చేసినా ఒక ప్రశ్న మిగులుతుంది: పెరిగిన చెట్టు ఎవరిది? నేపాల్ 1957లో అడవులను జాతీయం చేశాక కొండల్లో నరికివేత ఆగకపోగా, ఎవరిదీ కాని సొత్తయి అడవి తరిగింది. 1993 అటవీ చట్టం అడవిని వాడుకునే ఊరివారి సంఘాలకే దాన్ని అప్పగించి, దాని రాబడిని వారికే వదిలింది. ఇప్పుడు అలాంటి సంఘాలు 22,000కు పైగా ఉన్నాయి. 1992లో దేశ భూభాగంలో 26 శాతంగా ఉన్న అటవీ విస్తీర్ణం 2016 నాటికి 45 శాతానికి చేరింది. పనులకోసం పట్నాలకు, పరదేశాలకు వలస వెళ్లినవారు వదిలేసిన పొలాల్లోనూ చెట్లు లేచాయన్నది నిజమే. అయినా కాపలా కాసినవారికే కోత హక్కు రాతపూర్వకంగా దక్కడం అసలు మలుపని నా అభిప్రాయం.

ప్రశ్న: త్వరగా పెరిగే ఒకే జాతి చెట్లు వేస్తే కొద్ది ఏళ్లలో డబ్బు చేతికొస్తుందంటున్నారు. కొండంతా వేయవచ్చా?
— మరో పాఠకుడు

జవాబు: కొండంతా వద్దు. ఊరి పక్కన చదునైన నేలలో కొంత మేర వేసుకోండి, కట్టెకూ కలపకూ పనికొస్తుంది. నిటారు వాలు మీద మాత్రం, కోతకొచ్చిన రోజున తోటంతా ఒక్కసారిగా నరుకుతారు కనుక, తరువాత వచ్చే వాన మట్టిని లోయలోకి తీసుకుపోతుంది. ఊట పుట్టే చోట, దానికి పైభాగాన కూడా, నీరు ఎక్కువగా తాగే జాతులు పెట్టకండి. నేపాల్ కొండల్లో మొదట పైన్ చెట్లు నాటిన చోట్ల వాటి సూదుల్లాంటి ఆకు పశువులకు మేతగా పనికిరాలేదు, ఎండాకాలంలో నిప్పంటుకునేది కూడా ఆ రాలిన ఆకే. కాపలా ఉన్నచోట ఆ పైన్‌ల నీడలోనే వెడల్పాటి ఆకుల స్థానిక చెట్లు వాటంతటవే మొలిచాయి. అలా మొలిచినవాటిని కలుపు అనుకుని పీకేయకుండా, వాటికి వెలుతురు అందేలా పైన్‌లను కొద్దికొద్దిగా పలుచన చేస్తే, తీసిన కలప అమ్మకానికీ వస్తుంది, మేతనిచ్చే చెట్లూ ఎదుగుతాయి.