ఈ పూట మీ నాన్నది

రాజమహేంద్రవరం,
అక్టోబరు 2025

చిరంజీవి మేనల్లుడికి అత్తయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో నవంబరు 20కి సెలవు పెట్టానని చెప్పావు. అప్పుడే చెబుదామనుకున్నాను కానీ నీ గొంతు విన్నాక నోరు రాలేదు. అందుకే ఈ ఉత్తరం. తద్దినం 20న కాదు నాన్నా, 9న. ఆదివారం.

మీ నాన్న పోయింది కార్తీక బహుళ పంచమి నాడు. పోయినేడు ఆ తిథి నవంబరు 20న వచ్చింది. మన చాంద్రమాన సంవత్సరానికి సుమారు 354 రోజులే. ఇంగ్లీషు క్యాలెండరు కంటే పదకొండు రోజులు తక్కువ. అందుకే ఈసారి 9కి జరిగింది. అలా ఏటా వెనక్కే పోతుందనుకోకు. 2026లో అధిక జ్యేష్ఠం, అంటే అదనంగా ఒక నెల, ఉంది కాబట్టి వచ్చే ఏడు నవంబరు ఆఖరి వారంలోకి వెళ్తుంది. ఏటా ఉగాదికి కొత్త పంచాంగం రాగానే పంచమి ఎప్పుడో చూసి గోడ మీద క్యాలెండరులో గుర్తు పెట్టుకో. చూసేటప్పుడు సూర్యోదయానికి ఉన్న తిథి కాదు, అపరాహ్ణంలో ఉన్న తిథి చూడాలి. పగటిని ఐదు భాగాలు చేస్తే నాలుగో భాగం అది. ఈ చలికాలపు పొట్టి రోజుల్లో దాదాపు ఒంటిగంట నుంచి మూడున్నర దాకా. మీ నాన్నకు ఇదంతా నోటికి వచ్చు. నిన్నెప్పుడూ కూర్చోబెట్టి చెప్పి ఉండడు, చెప్పాల్సిన అవసరం ఇంత తొందరగా వస్తుందని ఎవరనుకున్నాం.

20వ తేదీ సెలవు మాత్రం రద్దు చేయకు. తద్దినం తిథి ప్రకారం చేస్తాం గానీ మనసు తేదీనే పట్టుకుని ఉంటుంది. మా నాన్న పోయి 42 ఏళ్ళు, ఇప్పటికీ ఆ తేదీ వస్తే పొద్దున్నుంచి నాకు ఏ పనీ సాగదు. ఆ రోజు మీ అమ్మ దగ్గర కూర్చో. ఎక్కడికైనా వెళ్దామంటే తీసుకెళ్ళు, వద్దంటే ఇంట్లోనే ఉండు. అంతకంటే ఏమీ పెట్టుకోకు.

ఇక ఏర్పాట్ల సంగతి. పురోహితుడు గారితో ఈ వారంలోనే మాట్లాడు. మొదటి ఏడు ఒక్క తద్దినంతో అవ్వదు, దానికి ముందు ఊనాబ్దికం, అంటే ఏడాది నిండే లోపు చేసే శ్రాద్ధం, కూడా ఉంటుంది, ఆ రోజు ఏదో ఆయనే చెప్తారు. భోక్తల కోసం, అంటే తద్దినం భోజనానికి కూర్చునే బ్రాహ్మణుల కోసం, హైదరాబాదులో ఆఖరి నిమిషంలో వెతుక్కోవడం కష్టం, ఆ బాధ్యత కూడా ఆయన మీదే పెట్టు. ముందురోజు నువ్వు ఒంటిపూట భోజనం చెయ్యి. ఇవన్నీ ఆయన చెప్పేవే కాబట్టి నేను పొడిగించను. ఆయన చెప్పనివి కొన్ని ఉన్నాయి, అవి చెప్పడానికే కూర్చున్నాను.

మనుస్మృతిలో ఒక శ్లోకం ఉంది. శ్రాద్ధంలో పవిత్రమైనవి మూడు అంటుంది: దౌహిత్రుడు, కుతప కాలం, నువ్వులు. దౌహిత్రుడంటే కూతురి కొడుకు. కుతపం అంటే మిట్టమధ్యాహ్నం వేళ. ఆ శ్లోకంలోనే, మెచ్చుకోదగ్గవి ఇంకో మూడు చెప్పారు: శుచి, కోపం లేకపోవడం, తొందర లేకపోవడం. శుచి గురించి అందరూ చెప్తారు. మడి బట్ట ముట్టుకున్నావా, తడి ఆరిందా అని వంద మంది అడుగుతారు. మిగతా రెండింటి గురించి అడిగే వాళ్ళని నా డెబ్బై రెండేళ్ళలో నేను చూడలేదు.

మా నాన్న తొలి తద్దినం గురించి నీకు చెప్పాలి. 1984. మీ నాన్నకు ఇరవై ఎనిమిదేళ్ళు, నువ్వింకా పుట్టలేదు. భోక్తలు వచ్చి కాళ్ళు కడుక్కుని కూర్చున్నారు. విస్తళ్ళు వేశారు. వంటింట్లో నేనూ మా అమ్మా గారెలు వేయిస్తున్నాం. అంతలో వసారాలోంచి గొంతులు పెద్దవయ్యాయి. కొబ్బరితోట పంపకం గురించి మా బాబాయి ఒకరు మొదలెట్టారు. ఊళ్ళో అందరూ ఉన్నారు, ఇప్పుడే తేల్చుకుందాం అని ఆయన. ఇంకొకరు అందుకున్నారు. మా అమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది, మూకుట్లో గారెలు నల్లబడిపోయాయి. నేను గుమ్మంలోకి వచ్చి చూశాను. మీ నాన్న వేలికి పవిత్రంతో, అదే దర్భ ఉంగరంతో, పీట మీద అలాగే కూర్చుని ఉన్నాడు. కోపిష్ఠి మనిషి కదా, ఇక లేస్తాడనుకున్నాను. లేవలేదు. "సంతకం కావాలంటే రేపు పొద్దున్నే పెడతాను బాబాయ్. ఈ పూట మా నాన్నది" అన్నాడు. గొంతు పెంచకుండా అన్నాడు. వసారా అంతా నిశ్శబ్దం అయిపోయింది. మర్నాడు నిజంగానే సంతకం పెట్టాడు. ఆ తోట మనకు దక్కలేదు. దాని గురించి మళ్ళీ ఏనాడూ ఎత్తలేదు కాబట్టి నీకు తెలిసి ఉండదు.

అందుకే చెప్తున్నా, ఆ రోజు ఇంట్లో డబ్బు మాట, ఇంటి మాట, ప్లాటు మాట ఎవరు ఎత్తినా ఆపెయ్యి. మీ పెద్దవాళ్ళు ఎవరైనా సరే, నేనైనా సరే. వంట ఆలస్యమైందని కోడలి మీద విసుక్కోకు. పురోహితుడు గారు ఇంకో చోటికి వెళ్ళాలని మంత్రం పరుగెత్తిస్తే, నెమ్మదిగా చెప్పండి అని చేతులు జోడించి అడుగు, అందులో తప్పులేదు. దక్షిణ ఎంతో ముందురోజే మాట్లాడేసుకో. ఆఫీసు ఫోను ఆపేసి మీ నాన్న బీరువాలో పెట్టు. సాయంత్రం దాకా తియ్యకు.

చెల్లాయి రాలేకపోతున్నానని తెగ బాధపడుతోంది. కూతుర్ని కదా అత్తయ్యా, నాకేం ఉంటుందిలే అంది. ఆ మాట నాకు చాలా కష్టం వేసింది. పైన చెప్పిన శ్లోకంలో మొదటి మాటే కూతురి కొడుకు. వాడికి ఆరేళ్ళు. వాడి చేత ఆ రోజు తాతయ్య ఫొటోకి ఒక పువ్వు పెట్టించమను. మనకు ఒంటిగంట అంటే డాలస్‌లో వాళ్ళకు రాత్రి ఒంటిగంటన్నర. అది మేలుకునే ఉంటానంది. భోక్తలకు వడ్డించేటప్పుడు కాదు, అది అయ్యాక మనం కూర్చుని మాట్లాడుకునేటప్పుడు వీడియో కాల్ పెట్టు. దాని గొంతు కూడా ఆ గదిలో ఉండాలి.

వంట నేను చూసుకుంటాను. కోడలు పిల్ల నేర్చుకుంటానంది, సంతోషం. వాళ్ళ వరంగల్ వైపు పెత్రమాసకు, అదే మహాలయ అమావాస్యకు, పెద్దల పేరున బియ్యం ఇచ్చుకుంటారని చెప్పింది. అదీ ఇదీ ఒకటే, మానొద్దని చెప్పాను. మన ఇంట్లో ఆ రోజు ఉల్లి, వెల్లుల్లి సరే సరి, టమాటా, బంగాళదుంప, క్యాబేజీ, క్యారెట్ కూడా ఉండవు. ఎండుమిర్చి బదులు మిరియాలు. ఎందుకని అడిగింది. నాకు తోచింది చెప్పాను: మిరపకాయ, టమాటా, బంగాళదుంప ఇవన్నీ పోర్చుగీసు వాళ్ళు ఓడల్లో వచ్చాక మన దేశానికి వచ్చినవి. తద్దినం వంట అంతకు ముందటి వంట. మన ముత్తాతల ముత్తాతలు రుచి ఎరిగిన కూరలే విస్తట్లో ఉంటాయి. అరటికాయ, కంద, కాకరకాయ, పొట్లకాయ, పెసరపప్పు, అల్లం పచ్చడి, నువ్వుల పొడి, పరమాన్నం, గారెలు. గారెలకు పదిహేను మందికి కిలో మినప్పప్పు చాలు. కొత్త పప్పు కొను, పాతది పొంగదు. గ్రైండరు బాగా కడిగించు, దాని రాయి సందుల్లో వెల్లుల్లి వాసన ఉండిపోతుంది.

మీ నాన్నకు అల్లం పచ్చడిలో బెల్లం కాస్త ఎక్కువ ఉండాలి. తద్దినం వంటకు అదేం లెక్క అనొచ్చు ఎవరైనా. నేను మాత్రం అలాగే చేస్తాను.

పిండం కాకికి పెట్టే సంగతి. మీ అపార్ట్‌మెంటు డాబా మీద పావురాలే తప్ప కాకులు కనబడలేదు నాకు. రాకపోతే నాన్న మనసులో ఏదో ఉండిపోయిందని మీ అమ్మతో ఎవరో ఒకరు అంటారు. ఆ మాట అననివ్వకు. కాసేపు చూసి ఆవుకు పెట్టండి, పారే నీళ్ళలో కలపండి, ఆచారంలో అన్నీ ఉన్నాయి. దానికి టెన్షన్ పడకు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట. తర్పణం వదిలేటప్పుడు జంధ్యం కుడి భుజం మీదికి మార్చుకుని, దక్షిణం వైపు తిరిగి, బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య నుంచి నువ్వులూ నీళ్ళూ వదులుతూ మూడు పేర్లు చెప్తావు. తండ్రి వసురూపంగా, తాత రుద్రరూపంగా, ముత్తాత ఆదిత్యరూపంగా. పోయినేటి దాకా మీ నాన్న చెప్పే మొదటి పేరు మా నాన్నది. ఇప్పుడు నీ నోట మొదటి పేరు మీ నాన్నది అయింది, మా నాన్న రెండోవాడయ్యారు. మీ నాన్న నలభై ఏళ్ళుగా మూడోదిగా చెప్పిన పేరుంది చూశావా, దానికి నీ దగ్గర చోటు లేదు. ఆ ముసలాయన మన ఇంట్లో ఇక ఎవరి నోటా రాడు. ఇది తెలిసినప్పుడు నాకు చాలాసేపు మాట రాలేదు.

అందుకని ఒక పుస్తకం కొను. మంచి అట్ట ఉన్నది, ఫోన్‌లో కాదు. గోత్రం రాయి. పేర్లు రాయి, నీకు తెలిసినవి మూడైతే నాకు తెలిసినవి ఐదు తరాలు. ఆడవాళ్ళ పేర్లు కూడా రాయి, వాళ్ళ పుట్టిళ్ళతో సహా. ఒక్కో పేరు కింద ఒక్క సంగతైనా ఉండాలి. నీ కొడుక్కి రేపు మీ నాన్న తాతవుతాడు, వాడి కొడుక్కి ముత్తాతవుతాడు, ఆ తర్వాత చెప్పే వాళ్ళుండరు. కొబ్బరితోట సంగతి మీ నాన్న పేరు కింద మొదటి పేజీలో రాయి. భోజనాలయ్యాక అందరం కూర్చుంటాం కదా, అప్పుడు ఒక్కొక్కరినీ అడుగు. ఆయనతో పనిచేసిన వాళ్ళని ఇద్దరు ముగ్గుర్ని పిలువు. ఆఫీసులో ఆయన ఎలా ఉండేవాడో మనకెవరికీ తెలియదు. గొప్పలు అడగొద్దు. ఏం తినేవాడు, దేనికి కోపం వచ్చేది, ఎవరికి ఎప్పుడు ఏం చేశాడు, అవి అడుగు. తప్పులు చెప్పినా రాసుకో. ఆయన కోపం వల్ల మేం కూడా ఏడ్చిన రోజులున్నాయి, అది దాచిపెడితే రాసింది ఆయన గురించి కాకుండా పోతుంది.

వాట్సాప్‌లో ఆయన పంపిన వాయిస్ మెసేజీలు నీ దగ్గరున్నాయన్నావు. ఫోను మారిస్తే పోవచ్చట, మా మనవడు చెప్పాడు. ఈ ఆదివారమే కంప్యూటర్లోకి ఎక్కించి, చెల్లాయికి ఒక కాపీ పంపు. మా నాన్న గొంతు ఎలా ఉండేదో నాకు ఇప్పుడు గుర్తు రావడం లేదు. ఎంత ప్రయత్నించినా రాదు. నీకు ఆ బాధ వద్దు.

మీ అమ్మ విషయం. ఆవిణ్ణి ఒక మూల కుర్చీలో కూర్చోబెట్టి అందరూ చుట్టూ తిరగొద్దు. నలభై రెండేళ్ళు కాపురం చేసిన మనిషికి ఆ రోజు చేతిలో ఏదో ఒక పని ఉండాలి. వత్తులు చేయమను, నువ్వులు ఏరమను, ఫొటో తనే తుడిచి దండ వెయ్యనీ. ఏడిస్తే ఏడవనీ. ఊరుకోమ్మా, ఏడిస్తే ఆయనకు మంచిది కాదు అనే వాళ్ళకు దూరంగా తనని నా పక్కన కూర్చోబెట్టు. ఆయన చొక్కాలు ఇంకా బీరువాలోనే ఉన్నాయట. ఏడాదైంది, ఇచ్చేద్దాం అని నువ్వు తొందరపెట్టకు. ఎప్పుడు ఇవ్వాలో తనకే తెలుస్తుంది.

ముందు ముందు ఏదో ఒక ఏడు నీకు కుదరదు. ప్రయాణంలో ఉంటావు, ఒంట్లో బాగుండదు, పురోహితుడు దొరకడు. అప్పుడు కుమిలిపోకు. వంట చేసి పెట్టలేకపోతే బియ్యం, పప్పు, కూరగాయలు స్వయంపాకం ఇవ్వొచ్చు. అదీ కుదరకపోతే నువ్వులూ నీళ్ళూ వదులు. ఏమీ లేనివాడు ఆరుబయట చేతులు పైకెత్తి, నా దగ్గర భక్తి తప్ప ఇంకేమీ లేదు, దానితోనే తృప్తి పొందండి అని పెద్దలకు చెప్పుకుంటే చాలని విష్ణుపురాణంలోనే ఉంది. చెయ్యలేదన్న బాధతో ఆ రోజును తలుచుకోవడమే మానేసిన వాళ్ళని చూశాను. అది మాత్రం వద్దు.

గయకు ఎప్పుడు వెళ్ళాలని అడిగావు. తొందరేం లేదు. 2027లో మనకు గోదావరి పుష్కరాలు వస్తాయి. 2015 పుష్కరాల్లో మీ నాన్న ఇక్కడ కోటిలింగాల రేవులో మా నాన్నకు పిండం పెట్టాడు. ఆ జనంలో తడిబట్టలతో నా చెయ్యి పట్టుకుని మెట్లెక్కించాడు. అదే రేవుకు నిన్ను నేను తీసుకెళ్తాను.

గురువారం రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్‌కు టికెట్టు దొరికింది. శుక్రవారం పొద్దున్న దిగుతాను. స్టేషనుకు నువ్వు రానక్కర్లేదు, మా మనవడు దింపుతాడు. నువ్వులు, అరటాకులు ఇక్కడి నుంచే తెస్తున్నాను, కొనకండి. మీ నాన్న మూడోదిగా చెప్పిన ఆ పేరు ఒక కాగితం మీద రాసి, తద్దినం సామాన్ల సంచిలో పైనే పెట్టాను. పుస్తకం సిద్ధంగా ఉంచు.

ఆశీస్సులతో,
అత్తయ్య