చేయి వణికితే సర్జరీ వదులుకోవాలా?

ప్రశ్న: మెడిసిన్ మూడో సంవత్సరం చదువుతున్నాను. సర్జన్ కావాలని కోరిక. కుట్లు సాధన చేస్తుంటే చేయి వణుకుతోంది, వేసిన ముడులు జారిపోతున్నాయి. నాది ఎడమచేతి వాటం. సర్జరీ నాకు పనికిరాదేమోనని భయంగా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందుగా ఆ భయం పక్కన పెట్టండి. ముడి జారడానికీ చేతి వణుకుకూ సంబంధం లేదు. కొత్తలో దాదాపు అందరికీ చేయి కాస్త వణుకుతుంది. మోచేతులను గాలిలో ఉంచి కుడితే ఇంకా ఎక్కువవుతుంది. ముంజేతులను బల్లకు ఆనించండి, చిటికెన వేలిని సాధన ప్యాడ్ (చర్మంలా ఉండే దిమ్మ) అంచున మోపండి, పరికరాన్ని బిగించి పట్టుకోకండి. తేడా వెంటనే తెలుస్తుంది. ఊరికే కూర్చున్నప్పుడు కూడా వణుకు ఉంటే మాత్రం ఒకసారి డాక్టరుకు చూపించుకోండి.

ఇక ముడి సంగతి. మీరు వేస్తున్నది బహుశా గ్రానీ ముడి. చుట్లన్నీ ఒకే దిశలో పడితే అది జారుతుంది. నీడిల్ హోల్డర్‌ను (సూదిని పట్టుకునే పరికరం) ప్రతిసారీ దారం రెండు కొసల మధ్య, కోతకు సమాంతరంగా పెట్టి, పొడుగు కొసను దాని పైనుంచి చుట్టండి. మొదటిసారి రెండు చుట్లు, తర్వాత ఒక్కొక్కటి. పొట్టి కొసను హోల్డర్‌తో పట్టి లాగేటప్పుడు చేతులు కోతకు ఆ పక్క నుంచి ఈ పక్కకు మారాలి. మళ్లీ ముడి వేసేటప్పుడు ఎదురు దిక్కుకు మారాలి. ఇలా చేస్తే దిశ దానంతటదే మారి, జారని చదరపు ముడి పడుతుంది. పట్టుదారానికి మూడు ముడులు సరిపోవచ్చు. నైలాన్ మాత్రం తన పాత వంపుకు తిరిగిపోవాలని చూస్తుంది కాబట్టి నాలుగైదు వేయాలి. కొసలను మూడు నుంచి ఐదు మిల్లీమీటర్లు వదిలి కత్తిరించండి.

సూది విషయంలో ఎక్కువ మంది చేసే తప్పు, దాన్ని ముందుకు తోయడం. వంపు సూదిని దాని వంపు వెంటే తిప్పాలి, అంటే కదలాల్సింది మణికట్టు. సూది మొన నుంచి మూడింట రెండు వంతుల దూరంలో హోల్డర్ కొసతో లంబంగా పట్టుకోండి. దారం అతికిన చోట పట్టుకుంటే సూది వంగిపోతుంది. చర్మంలోకి నిటారుగా దించండి, అంచు నుంచి సుమారు ఐదు మిల్లీమీటర్ల దూరంలో. అవతలి వైపు కూడా అంతే దూరం, అంతే లోతు. ఒకవైపు లోతుగా, మరోవైపు పైపైన తీసుకుంటే అంచులు మెట్టులా ఎగుడుదిగుడుగా నిలబడతాయి. ఏటవాలుగా గుచ్చితే అంచులు లోపలికి ముడుచుకుని, గాయం సరిగా మానదు. మామూలు ఇంటరప్టెడ్ కుట్టులో (ఒక్కో కుట్టుకూ విడిగా ముడి వేసేది) అంచులు కాస్త పైకి లేచి కలిస్తే సరిగ్గా వేసినట్టు. వర్టికల్ మ్యాట్రెస్ లాంటి కష్టమైన కుట్లు ఇది కుదిరాకే మొదలుపెట్టండి.

బిగించడంలో నిగ్రహం చాలా ముఖ్యం. అంచులు తాకితే చాలు. కుట్టు కింద చర్మం తెల్లబడిందంటే రక్తం ఆడట్లేదన్నమాట. మరుసటి రోజుకు వాపు వస్తే ఆ దారం ఇంకా కోసుకుంటుంది. ఫోర్సెప్స్‌తో (చిన్న పట్టకారు) చర్మాన్ని నలిపి పట్టుకోకండి. కొసన చిన్న పళ్లున్న అడ్సన్ రకం ఫోర్సెప్స్‌తో సున్నితంగా పైకెత్తితే చాలు. నన్ను అడిగితే, విద్యార్థి చేయి మంచిదా కాదా అన్నది వేగంలో కాదు, ఇక్కడే తెలుస్తుంది.

ఖరీదైన కిట్ అవసరం లేదు. నీడిల్ హోల్డర్, ఫోర్సెప్స్, కత్తెర, కటింగ్ సూదితో (అంచు పదునుగా ఉండేది) ఉన్న 3-0 నైలాన్ (3-0 అంటే మూడు సున్నాలు, దారం మందం కొలత), ఒక సిలికాన్ ప్యాడ్ చాలు. సున్నాల సంఖ్య పెరిగేకొద్దీ దారం సన్నబడుతుందని గుర్తుంచుకోండి. ముఖానికి వాడే 6-0తో మొదలుపెడితే విసుగే మిగులుతుంది. స్పాంజిపై సాధన చేయకండి, అది చిరిగిపోతుంది, చర్మం అందించే ప్రతిఘటన తెలియదు. అరటి తొక్క సున్నితంగా పట్టుకోవడం నేర్పుతుంది, గట్టిగా లాగితే తెగుతుంది. గంటలకొద్దీ కూర్చోకుండా రోజూ పదిహేను, ఇరవై నిమిషాలు చేస్తే చాలు. ఫోన్‌తో మీ చేతులను వీడియో తీసుకుని చూడండి.

ఎడమచేతి వాటం లోపం కాదు. కానీ వీడియోల్లో కనిపించేవారు ఎక్కువగా కుడిచేతి వాటం వారే, కాబట్టి వీడియోను అద్దంలా తిప్పి చూడండి. సూది మొన మీకు కుడివైపు ఉండాలి. హోల్డర్‌ను బిగించి ఉంచే పళ్ల తాళం కుడిచేతికి తగ్గట్టు ఉంటుంది, అందువల్ల మీకు విడదీయడం కష్టంగా ఉంటుంది. ఎడమచేతికి ప్రత్యేకంగా చేసినవి దొరుకుతాయి.

వార్డులో మొదట సహాయకుడిగా నిలబడి, సీనియర్ చూస్తుండగానే కుట్టండి. సూదిని వేళ్లతో పట్టుకోకండి, ఫోర్సెప్స్‌తోనే సర్దుకోండి. గుచ్చుకుంటే సబ్బు, నీళ్లతో కడిగి వెంటనే చెప్పండి. హెచ్‌ఐవీ నివారణ మందులు అవసరమైతే 72 గంటలు దాటకుండా, వీలైతే మొదటి కొన్ని గంటల్లోనే మొదలవ్వాలి, కాబట్టి మొహమాటపడి దాచకండి.