మ్యాంగోథాన్‌కి తెగిన అర మార్కు

వర్కహాలిక్ (పని పిచ్చి ఉన్నవాళ్లు), హ్యాకథాన్ (ఏకబిగిన సాగే ప్రోగ్రామింగ్ పోటీ) లాంటివి సరైన ఇంగ్లీషు పదాలేనా, తోకలు తగిలిస్తే పదాలైపోతాయా అని ఒకరు అడిగారు. నూటికి నూరుపాళ్లూ సరైనవే. మా ఇంట్లో దీనిమీద పెద్ద గొడవే జరిగింది.

మేం బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. పోయిన జూన్‌లో, ఆరో తరగతి చదివే మా అమ్మాయి వేసవి సెలవుల మీద ఇంగ్లీషులో వ్యాసం రాసింది. చిత్తూరులో నాలుగు రోజులు వరసపెట్టి బేనీషా మామిడిపళ్లు తిన్న సంగతికి ‘మ్యాంగోథాన్’ అని పేరు పెట్టింది. టీచరు దానికి ఎర్ర సున్నా చుట్టి అర మార్కు కోసేశారు. పిల్ల ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

అప్పుడు మా అమ్మ ఇక్కడే ఉంది. “థాన్ అంటే ఏంది పాపా?” అనడిగింది.

“ఏమీ లేదవ్వా. మారథాన్ అని గ్రీసులో ఒక ఊరు. దాని పేరు పరుగుకి పెట్టారు. ఆ పేరు చివర కోసి అన్నిటికీ అతికిస్తారు.”

“అంతేనా! తాగుబోతు, తిరుగుబోతు ఉండాయి కదా. నువ్వు ఫోనుబోతువి. ఇది కూడా తప్పేనా?”

పిల్ల పకపకా నవ్వి కంచం ముందుకు లాక్కుంది.

ఆల్కహాలిక్‌లో అసలు తోక ‘ఇక్’ ఒక్కటే. జనం తప్పు చోట కోసి ‘హాలిక్’ని పట్టుకుపోయి వర్క్‌కి అతికించారు. హాంబర్గర్ కూడా అంతే, అది హాంబర్గ్ నగరం పేరు. ‘బర్గర్’ విడిగా ఊడొచ్చి చీజ్ పక్కన చేరింది. 1972లో వాషింగ్టన్‌లోని వాటర్‌గేట్ భవనంలో దొంగలు పడి, అది పెద్ద రాజకీయ కుంభకోణమైతే, ఇప్పటికీ ప్రతి కుంభకోణానికీ ‘గేట్’ తగిలిస్తున్నారు. వీటికి ఎవరు మార్కులు కోశారు? అదే బడి నవంబరులో పంపిన సర్క్యులర్‌లో ‘రీడథాన్’ అని ఉంది! పెద్దవాళ్లు చేస్తే పదం, పిల్లలు చేస్తే తప్పు. నాకు ఒళ్లు మండింది.

తెలుగువాళ్లం మనమూ తక్కువ కాదు. ఫోనుబోతు కథ మా బంధువుల వాట్సాప్ గ్రూపులో పెడితే, ఒక బాబాయి అది నిఘంటువులో లేదన్నారు. తాగుబోతు నిఘంటువులో పుట్టిందా బాబాయ్? జనం నోట పుట్టాకే కదా అందులోకి వెళ్లింది!

మా అమ్మాయికి బళ్లో కన్నడం, హిందీ ఉన్నాయి, తెలుగు లేదు. అలాంటిది మొన్న తమ్ముణ్ని ‘చాక్లెట్‌బోతు’ అని తిట్టింది. దానికి ఎవరూ నేర్పలేదు. వంటింట్లోంచి ఆ మాట విని నేను వెళ్లి ముద్దు పెట్టుకున్నాను.