రోహిణిల గింజ పెట్టకు అల్లుడా

అల్లుడా,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, హైదరాబాద్‌ల జాబ్ ఇడిసిపెట్టి వస్తున్నవట, మా నాయిన నాలుగెకరాల రేగడిల ఈసారి నువ్వే పత్తి పెడ్తవట. రాత్రి నిద్ర పట్టలే. ఆ చేన్ల మళ్ల మనింటి పిల్లగాడు దిగుతుండంటే కడుపు నిండినట్టయింది. కానీ మే ఆఖరుకే గింజ పెట్టి దసరాకల్లా వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పత్తి తోల్త అన్నవట, అది ఇన్నప్పటి సంది గుండె దడదడ అంటున్నది.

దుక్కి సంగతి మీ బాపు చూస్కుంటడు. సాలుకు సాలు మూడడుగులు, మొక్కకు మొక్క రెండడుగులు, గింజ వేలు రెండు కణుపుల లోతు, అంతే. బిల్లు లేని గింజల ప్యాకెట్ ముట్టకు.

ఎప్పుడు పెట్టాలె అన్నదే అసలు ముచ్చట.

2014ల, తెలంగాణ వచ్చిన ఏడు, జూన్ మొదటి వారంల ఒక రాత్రి గట్టి వాన పడ్డది. తెల్లారి చూస్తే చేను నల్లగ నిగనిగ మెరుస్తున్నది, పక్క చేనోళ్లు అప్పటికే దిగిన్రు. మీ మామ ఆగుదాం, మిరుగం, అంటే మృగశిర కార్తె, రానీ, ఇంకో వాన చూద్దాం అన్నడు. నేనే ఇనలే. మళ్ల కూలోళ్లు దొరకరు, అందరికంటే ఎనకబడ్తం అని లొల్లి పెట్టి ఐదుగురు ఆడోళ్లను తోల్కపోయి మూడెకరాలు పెట్టిచ్చిన. ఆరు ప్యాకెట్లు, ప్యాకెట్‌కు 930, అన్నీ ఉద్దెరే.

ఆ నెలంత మళ్ల మబ్బు మొకం చూడలే. పదో రోజు పోయి వేలుతోని మట్టి గీకిన. పైన పెచ్చు కట్టింది, అప్పడం లెక్క ఇరిగింది. కింద గింజ, బియ్యపుగింజంత తెల్లటి మొలక తీసింది, దాని మొన మాడిపోయి ఉన్నది. ఇంకోటి తీసిన, అదీ అంతే. సాలెంబడి కూసుంట పోయిన, పదిట్ల రెండు కూడా బతికిలేవు. మీ మామ నన్ను ఒక్క మాట అనలే. తిట్టినా మంచిగుండేది బిడ్డా. రెండు రోజులు అన్నం ముట్టలే, గట్టు మీద ఒక్కడే కూసునేటోడు, నాయినను ఇడిసి రాకు అని మా పెద్దోణ్ణి ఎంబడి తోలేదాన్ని. జూలైల మళ్ల పెట్టినం, మళ్ల ఉద్దెరకే. రెండు సార్ల గింజల అప్పు తీరేసరికి రెండేండ్లు పట్టింది.

రోహిణి ఎండలకు రోళ్లు పగులుతయంటరు, మరి భూమి ఎంత కాలి ఉంటదో చూడు. ఒక్క వానకు పైన నాలుగు వేళ్ల మందం తడుస్తది, కింద పొయ్యి మీది పెంక లెక్కనే ఉంటది. గింజ ఆ తడి తాగి ఉబ్బి మొలక తీసేసరికి తడి ఆరిపోతది. పొడి మట్టిల గింజన్న కొన్నాళ్లు ఆగుతది గానీ సగం తడిసిన గింజ ఆగదు. ముందు పెట్టిన చేన్ల పూత ముందు వస్తది నిజమే, కాయ తొలిచే గులాబి పురుగు కూడా ఆడికే ముందు దిగుతది.

రేగడికి 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడ్డంకనే పెట్టమని వ్యవసాయ యూనివర్సిటోళ్లు చెప్తరు. ఫోన్ల ఎంత పడ్డదో చూడు గానీ దాన్నే నమ్మి దిగకు. చేన్ల మూడు తావుల జానెడు లోతు తవ్వు, అడుగు మట్టి పిడికిట్ల ఒత్తితే ముద్ద కావాలె, చెయ్యికి సల్లగ తగలాలె. ఎచ్చగ తగిలితే గింజల సంచి ఎత్తుకొని ఇంటికి రా, ఎవ్వడు నవ్వినా పట్టించుకోకు. జూలై నడుమ దాక టైం ఉన్నది. ఇంకోటి, అప్పు చేస్తే ఎంతో ఎవరిదో నాకు చెప్పు, మనసుల పెట్టుకొని గట్టు మీద ఒక్కనివే కూసోకు, అది నేను మళ్ల చూడలేను.

మిరుగం నాడు చేపల కూర వండుత, తిన్నంక ఇద్దరం చేనుకు పోదాం. నాకు మోకాళ్లు వంగుతలేవు, నువ్వు తవ్వి అడుగు మట్టి నా చేతిల పెట్టు.

మీ అత్త