డిస్కు 100 శాతం చూపిస్తోందా? ఫార్మాట్ మాట తరువాత

పలాసలో మీ జీడిపప్పు దుకాణం లెక్కలు చూసే కంప్యూటర్ తెరుచుకోవడానికే పావుగంట పడుతోందని, టాస్క్ మేనేజర్‌లో డిస్కు ఎప్పుడు చూసినా 100 శాతమే ఉంటోందని, రిపేరు చేసేవారు ఫార్మాట్ చేయించుకోమన్నారని రాశారు. దయచేసి ఆ పని ఇప్పుడే చేయించకండి. లెక్కలన్నీ ఆ డిస్కులోనే ఉన్నాయి కదా.

నాది విజయనగరంలో ఫొటో స్టూడియో. పెళ్లి వీడియోలు, ఏటా సిరిమానోత్సవం వీడియోలు అన్నీ పాతకాలపు తిరిగే హార్డ్‌డిస్కుల్లోనే దాస్తాం కాబట్టి ఈ జబ్బుతో నాకు పాత పరిచయం.

100 శాతం అంటే డిస్కుకు తీరిక లేదని మాత్రమే అర్థం. పని ఎంత జరుగుతోందో తెలియాలంటే టాస్క్ మేనేజర్‌లోనే పర్ఫార్మెన్స్ పేజీకి వెళ్లి డిస్కు మీద నొక్కండి. కింద యావరేజ్ రెస్పాన్స్ టైమ్ అని మిల్లీసెకన్లలో ఒక అంకె ఉంటుంది. తిరిగే డిస్కుకు పది, ఇరవై సహజం. పెద్ద ఫైళ్లు కాపీ అవుతున్నప్పుడు వంద దాటినా కంగారు లేదు. అదే వేలల్లో ఉండి, చదివే వేగం సెకనుకు ఒకటి రెండు ఎంబీ దగ్గరే కునుకుతుంటే ఇక విండోస్‌ను తిట్టి లాభం లేదు.

అప్పుడు క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి చూడండి. డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే పద్దు అందులో కనిపిస్తుంది. చాంతాడంత జాబితా ఉంటుంది గానీ మనకు కావలసినవి 05 (పాడై పక్కన పెట్టేసిన సెక్టార్లు, అంటే డిస్కు మీద డేటా రాసే చిన్న గళ్లు), సి5 (చదవలేక అనుమానంలో ఉన్న సెక్టార్లు), సి7 వరుసలే. కొన్ని కంపెనీల డిస్కుల్లో 01, 07 వరుసల్లో పెద్ద పెద్ద అంకెలు ఉంటాయి, వాటిని పట్టించుకోకండి. ఇంకో సంగతి: ఈ విలువలు మామూలుగా పదికి బదులు పదహారు ఆధారంగా లెక్కించే హెక్సాడెసిమల్ పద్ధతిలో చూపిస్తుంది. 64 అని ఉంటే అసలు లెక్క 100. ఫంక్షన్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఫీచర్, అందులో రా వాల్యూస్‌కు వెళ్లి దశాంశ పద్ధతికి మార్చుకోవచ్చు.

మా ఎడిటింగ్ కంప్యూటర్ ఇలాగే మొరాయించినప్పుడు 05, సి5 రెండూ సున్నాలే. సి7 మాత్రం వందల్లో ఉంది, కాపీ పెట్టిన ప్రతిసారీ పెరుగుతోంది. సి7 అంటే డిస్కుకూ మదర్‌బోర్డుకూ మధ్య దారిలో డేటా చెడిపోతోందని. చెడిన ముక్కను మళ్లీ మళ్లీ పంపుకోవడంతోనే కాలమంతా గడిచిపోతుంది. క్యాబినెట్ తెరిస్తే డిస్కును మదర్‌బోర్డుకు కలిపే ఎర్రటి సాటా కేబులు పక్క రేకు ఒత్తిడికి నిలువునా మడత పడి ఉంది, డిస్కు వైపు కొన వేలితో తాకితేనే కదులుతోంది. కొత్త కేబులు వేసి, మదర్‌బోర్డు మీద మరో పోర్టులో పెడితే కాపీ వేగం మళ్లీ సెకనుకు వంద ఎంబీ దాటింది. కేబులు ఖరీదు ఫార్మాట్ కూలి కన్నా తక్కువే! సి7 అంకె మాత్రం మళ్లీ సున్నాకు రాదు. పెరగడం ఆగితే చాలు.

శ్రీకాకుళంలో మా బావగారి కంప్యూటర్‌కూ ఇవే లక్షణాలు, కానీ అక్కడ సి5 పెరుగుతోంది. అది కేబులుతో పోయేది కాదు. చదవలేని సెక్టారు తగిలినప్పుడల్లా డిస్కు పట్టువదలని విక్రమార్కుడిలా దాన్నే చదవబోతుంది, అంతసేపూ విండోస్ నోరు తెరుచుకుని కూర్చుంటుంది. ఇటువంటి డిస్కుకు ఫార్మాట్ గానీ, చెక్ డిస్క్ గానీ, డీఫ్రాగ్ గానీ పెట్టడమంటే ఉన్న కాస్త ఊపిరీ తీయడమే. మేం ముందు ముఖ్యమైన ఫోల్డర్లు, తరువాత ఫొటోలు బయటి డిస్కుకు ఎక్కించాం. సినిమాలు పోతే పోనీ అనుకున్నాం.

మూడు అంకెలూ బాగున్నాయంటే డిస్కుకు జబ్బు లేకపోవచ్చు, వయసు మీద పడిందంతే. తిరిగే డిస్కు మీద విండోస్ 10, 11 ఎలాగూ ఈడుస్తాయి. 256 జీబీ ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని డిస్కు) ఒకటి తీసుకుని విండోస్‌ను అందులోకి మార్చి, పాత డిస్కును నిల్వకు ఉంచుకోండి. చిన్న చిన్న ఫైళ్ల కోసం అటూ ఇటూ వెతికే పనిలో ఈ రెంటికీ పోలికే లేదు.

ఏది తేలినా, ఈ రాత్రికి లెక్కల సాఫ్ట్‌వేర్ డేటా ఫోల్డరును పెన్‌డ్రైవ్‌లోకి తీసి పెట్టుకోండి. రేపు సి5, సి7 ఎదురుగా ఉన్న అంకెలు రాస్తే కేబులా, డిస్కా అన్నది చూసి చెబుతాను.